పిట్టగోడ కట్టవలసింది ఎవరు?

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. షుగరు వ్యాధి వల్ల పదేళ్ల క్రితం ఆమె చూపు పోయింది. ఇప్పుడు వెలుగుకూ చీకటికీ తేడా మాత్రమే తెలుస్తుంది. చూపు పోయినా ఆమె వంట ఆగలేదు. గ్యాస్ స్టవ్ నాబ్ ఎంత తిప్పితే సిమ్ అవుతుందో ఆమె వేళ్లకు తెలుసు. కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటుంది. ఆవాలు చిటపటమనగానే ఉల్లిపాయ ముక్కలు వేస్తుంది. పాత వాషింగ్ మెషీన్ నాబ్‌ను టక్, టక్, టక్ అని మూడుసార్లు తిప్పితే దుప్పట్లు, రెండుసార్లు తిప్పితే చీరలు. ఈస్టర్ ప్రేమవిందుకు పులిహోర ఆమె చేత్తో కలపవలసిందే.

పోయిన క్రిస్మస్‌కు కొడుకు ప్రేమతో వంటిల్లంతా మార్పించాడు. ఎక్స్ఛేంజ్ ఆఫర్‌లో పాత వాషింగ్ మెషీన్ ఇచ్చేసి కొత్తది తెచ్చాడు. గ్యాస్ స్టవ్ అటక మీదకు వెళ్లింది, దాని చోట ఇండక్షన్ స్టవ్ వచ్చింది. రెండింటికీ నాబ్ లేదు. పైభాగం అద్దంలా నున్నగా ఉంటుంది. వేలితో తడిమితే ఎక్కడ ఏముందో తెలియదు. ఆనాటి నుంచి పెద్దమ్మ వంటింట్లోకి వెళ్లడం మానేసింది. అడిగితే, "ఇంక నాకెందుకులే నాయనా, కోడలు చూసుకుంటుంది" అంటుంది. ఈ ఈస్టర్‌కు పులిహోర హోటల్ నుంచి వచ్చింది.

ఆమె చూపు పోయి పదేళ్లయింది. ఆమె పనికిరానిదైపోయింది మాత్రం పోయిన క్రిస్మస్‌కే. మధ్యలో ఆమె శరీరంలో కొత్తగా వచ్చిన లోపం ఏమీ లేదు. ఇంట్లోకి వచ్చిన వస్తువులు మారాయి, అంతే. ఈ సంచికలో మనం ఆలోచించవలసిన సంగతి ఇదే.

ఆ నున్నటి ప్యానెల్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. మన వేలికి ఉండే విద్యుత్ గుణాన్ని గాజు కింద ఉన్న సెన్సారు పసిగడుతుంది. బలంగా నొక్కనక్కర్లేదు, వేలు తగిలితే చాలు. చూపున్నవారికి ఇది సుఖం. చూపు లేనివారికి ఇదే చిక్కు. పాత బటన్‌ను తడిమి వెతుక్కుని, ఇదే అని నిశ్చయించుకుని, ఆ తర్వాత నొక్కేవారు. వెతకడం వేరు, నొక్కడం వేరు. టచ్ ప్యానెల్ మీద ఆ రెండూ ఒకటైపోయాయి. వెతుకుతున్న వేలు దారిలో తగిలిన ప్రతిదాన్నీ నొక్కుకుంటూ పోతుంది. చివరికి స్టవ్ ఏ వేడి మీద ఉందో, మెషీన్ ఏ ప్రోగ్రాం మీద ఉందో వారికి తెలియదు. 'బీప్' అని ఒక శబ్దం వస్తుంది. ప్రతి మీటకూ అదే శబ్దం.

విచిత్రం ఏమిటంటే, ఇండక్షన్ స్టవ్ నిజానికి చూపు లేనివారికి అనువైన వస్తువు. మంట లేదు, గ్యాస్ లీకు భయం లేదు, చీర కొంగు అంటుకునే ప్రమాదం లేదు. గిన్నె తీస్తే చాలావరకు దానంతట అదే ఆగిపోతుంది. ఇంత మేలు చేయగల వస్తువును ఆరు మీటల దగ్గర ఆరు గింజలంత ఎత్తు పెట్టకపోవడం వల్ల వారికి దూరం చేశాం.

మన ఇళ్లలోని పాత వస్తువులు చాలావరకు చేతితోనూ చెవితోనూ మాట్లాడేవి. కుక్కర్ ఈల వేస్తుంది. మిక్సీ నాబ్ ఒక్కో మెట్టు ఎక్కుతుంటే చేతికి తెలుస్తుంది. వంటగ్యాస్‌కు సహజంగా వాసన ఉండదు. లీకైతే అందరికీ తెలియాలని అందులో ఘాటైన వాసన గల మెర్‌కాప్టాన్ కలుపుతారు. పాత కీప్యాడ్ ఫోనులో 5 అంకె మీద చిన్న బొడిపె ఉండేది. టీవీ రిమోట్‌లో ఇప్పటికీ చాలావాటికి ఉంటుంది. కంప్యూటర్ కీబోర్డు మీద ఎఫ్, జె అక్షరాల కింద తడిమి చూడండి, చిన్న గీతలు తగులుతాయి. ఇరవై రూపాయల నాణేనికి పన్నెండు అంచులు పెట్టారు. 2019లో వచ్చిన ఆ నాణేల వరుసను చూపు లేనివారు గుర్తుపట్టేలా రూపొందించామని ప్రభుత్వమే ప్రకటించింది. 19వ శతాబ్దం ఆరంభంలో ఇటలీలో పెల్లెగ్రినో తుర్రి అనే ఆయన, చూపు కోల్పోయిన తన స్నేహితురాలు తన ఉత్తరాలు తానే రాసుకోవాలని ఒక యంత్రం చేసి ఇచ్చాడు. టైప్‌రైటర్ చరిత్రలో మొదటి పేజీల్లో ఆ యంత్రం ఉంది. చూపు లేనివారి కోసం ఆలోచిస్తే అందరికీ పనికొచ్చే వస్తువు పుడుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక వాక్యం దగ్గరకు వద్దాం. అంధుల ప్రస్తావన రాగానే మన ప్రసంగాలు స్వస్థత దగ్గరకే వెళ్తాయి. స్వస్థత కోసం ప్రార్థించవద్దని ఎవరూ అనడం లేదు. కానీ ధర్మశాస్త్రం ఇంకో మాట కూడా చెప్పింది. గుడ్డివాడి దారికి అడ్డంగా ఏదీ పెట్టవద్దని లేవీయకాండము 19:14 ఆజ్ఞాపిస్తుంది. అక్కడ ఆజ్ఞ గుడ్డివాడికి కాదు, దారిలో వస్తువు పెట్టేవాడికి. ద్వితీయోపదేశకాండము 22:8 ఇంకా ముందుకు వెళ్తుంది. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి; కట్టక ఎవరైనా పడిపోతే ఆ రక్తాపరాధం ఇంటివాడి మీదే ఉంటుంది. 'చూసుకుని నడవాల్సింది' అని పడినవాడిని నిందించే అవకాశం ఆ వచనం ఇవ్వదు. కట్టినవాడే ముందుగా ఆలోచించాలి. ఈ రోజు వస్తువు తయారుచేసేవాడు, అమ్మేవాడు, కొని ఇంట్లో పెట్టేవాడు, ముగ్గురూ ఆ ఇల్లు కట్టేవాడి స్థానంలోనే ఉన్నారు.

యోహాను 9వ అధ్యాయంలో శిష్యులు పుట్టుగుడ్డివాణ్ని చూసి, ఎవరి పాపం వల్ల ఇలా జరిగిందని అడిగారు. ప్రభువు ఆ ప్రశ్ననే కొట్టిపారేశాడు. రెండు వేల ఏళ్లు గడిచినా మన సంఘాల్లో ఆ ప్రశ్న గుసగుసగా వినబడుతూనే ఉంది. దాన్ని మనం కూడా వదిలేయాలి. మార్కు 10లో బర్తిమయి దగ్గర ప్రభువు నిలబడి, నీకు నేనేమి చేయాలి అని అడిగాడు. చూపు లేదని కళ్ల ముందు కనబడుతూనే ఉన్నా, ఆయన అడిగాడు. మన సేవ కూడా అడగడంతోనే మొదలుకావాలి.

అందుకే మన యౌవనస్థులకు ఒక పని చెప్తున్నాం. మీ ఇంట్లోనో, సంఘంలోనో చూపు తగ్గిన పెద్దలు ఉంటే ఒక పూట వెళ్లండి. "అమ్మా, ఏ వస్తువు ఇబ్బంది పెడుతోంది?" అని అడగండి. వారు చెప్పిన దాని దగ్గరే మొదలుపెట్టండి.

దానికి పెద్ద ఖర్చు లేదు. ఫ్యాన్సీ షాపులో దొరికే రాళ్ల బొట్టుబిళ్లలు చాలు. చీరల మీద డిజైన్ వేసే ఉబ్బెత్తు ఫ్యాబ్రిక్ రంగు ట్యూబు, పైపుల లీకు ఆపే ఎంసీల్, రబ్బరు బ్యాండ్లు కూడా పనికొస్తాయి. ముందు ప్లగ్ తీసేయండి. నూనె జిడ్డు తుడిచి ఆరనివ్వండి. అన్ని మీటలకూ చుక్కలు పెట్టకండి; అన్నీ చుక్కలైతే ఏ చుక్కకూ అర్థం ఉండదు. వాషింగ్ మెషీన్‌కు ఆన్ మీట దగ్గర ఒకటి, స్టార్ట్ దగ్గర రెండు, వారు రోజూ వాడే ప్రోగ్రాం దగ్గర ఒకటి చాలు. టచ్ మీటల విషయంలో చుక్కను మీట మీద పెట్టకూడదు. మీటకు కొంచెం కింద పెట్టాలి. అప్పుడు వేలు చుక్కను వెతుక్కుని, అక్కడి నుంచి నిటారుగా పైకి జరిగి మీటను తాకుతుంది. ఇంకో ఉపాయం ఉంది. ప్యానెల్‌కు సరిపడే మందపాటి ప్లాస్టిక్ అట్ట కోసి, అవసరమైన మీటల దగ్గర మాత్రమే రంధ్రాలు పెట్టి అతికిస్తే, వేలు అట్ట మీద నిర్భయంగా తిరుగుతుంది. వేడి తగిలే చోట, గాలి పోయే సందుల మీద మాత్రం ఏదీ అతికించవద్దు.

చాలా మెషీన్లు స్విచ్ ఆపి వేస్తే మొదటి ప్రోగ్రాం దగ్గరకు వచ్చి నిలుస్తాయి. అలాంటివైతే ఎన్నిసార్లు నొక్కితే ఏ ప్రోగ్రాం వస్తుందో లెక్కపెట్టి నేర్పవచ్చు. గ్యాస్ స్టవ్ అయితే నాబ్ మీద ఒక చుక్క, సిమ్ స్థానంలో స్టవ్ అంచు మీద ఇంకో చుక్క పెట్టండి. రెండూ ఎదురెదురుగా వస్తే సిమ్. గిన్నె బర్నర్ మీద సరిగ్గా కూర్చుందో లేదో వెలిగించక ముందే తడిమి చూసుకోవడం, కొంగు బిగించి దోపుకోవడం అలవాటు చేయండి. ఉప్పు డబ్బాకు ఒక రబ్బరు బ్యాండు, పంచదార డబ్బాకు రెండు. మాత్రల సీసాలకూ ఇదే పద్ధతి. కొంచెం చూపు మిగిలినవారికి రంగుల తేడా గొప్ప సాయం: తెల్లటి మెషీన్ మీద నల్లటి పెద్ద అంకె, నల్లటి స్టవ్ మీద పసుపు చుక్క, వంటగట్టు మీదకు నేరుగా పడే దీపం.

ఒక ముఖ్యమైన మాట. చుక్కలు పెట్టిన తర్వాత వస్తువుల చోటు మార్చకండి. చూపు లేనివారి వంటిల్లు వారి జ్ఞాపకంలో ఉంటుంది. సర్దడం పేరుతో దాన్ని చెరపడం మంచిది కాదు. ఆ తర్వాత వారి చేతిని పట్టుకుని మీరు నొక్కించకండి. వారినే వెతకనివ్వండి, తప్పు చేయనివ్వండి. "చేయి కాల్చుకుంటావు" అనే భయంతో మనం ఎందరో ఆడపిల్లలను వంటింటి గడప దాటనివ్వలేదు, మగపిల్లలకైతే నేర్పాలన్న ఆలోచనే చేయలేదు. చేయి కాల్చుకోకుండా వంట నేర్చుకున్న చూపున్నవారు మనలో ఎందరు?

రాష్ట్రం బయట తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఇందులో ఇంకో సంగతి ఉంది. ఇప్పుడు మాట్లాడే వస్తువులు వస్తున్నాయి. కానీ అవి ఏ భాషలో మాట్లాడతాయి? ఎక్కువగా ఇంగ్లీషు, హిందీ. షోలాపూర్‌లో మగ్గం పనిలో బతుకంతా గడిపిన తాతయ్యకు, బరంపురంలో ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే అమ్మమ్మకు ఆ గొంతు ఎంతవరకు అందుతుంది? ఉబ్బెత్తు చుక్కకు భాష లేదు. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, యానాంలోనైనా వేలికి ఒకేలా తగులుతుంది. బ్రెయిలీ చదివేవారికైతే మన దేశపు భారతీ బ్రెయిలీలో 'క' శబ్దానికి తెలుగైనా, తమిళమైనా, కన్నడమైనా, మరాఠీ అయినా అవే చుక్కలు. కానీ యాభై, అరవై ఏళ్ల వయసులో చూపు పోయినవారు చాలామంది బ్రెయిలీ నేర్చుకోలేదు. కాబట్టి వస్తువు మీద బ్రెయిలీ ఉంటే మంచిదే, అదొక్కటే సరిపోదు. చేతికి తెలిసే ఎత్తుపల్లాలు, మీటకో రకం శబ్దం, మన భాషలో మాట, ఈ మూడూ కావాలి.

మా పెద్దమ్మ దగ్గరకు పోయిన నెల సంఘ యౌవనస్థులు ఇద్దరు వెళ్లారు. వాషింగ్ మెషీన్ ఒక్క మధ్యాహ్నంలో దారికొచ్చింది. ఆమె రెండుసార్లు తడబడి, మూడోసారి తానే దుప్పట్లు వేసింది. ఇండక్షన్ స్టవ్ మాత్రం లొంగలేదు. వేడి పెంచే మీట, తగ్గించే మీట పక్కపక్కనే ఉన్నాయి, శబ్దం ఒకటే, ప్రస్తుతం ఎంత వేడి మీద ఉందో తెర మీద అంకెల్లో తప్ప ఎక్కడా తెలియదు. ఏ బొట్టుబిళ్లా ఆ అంకెను చదివి వినిపించదు. చివరికి అటక మీది గ్యాస్ స్టవ్ దించారు. పిల్లల ప్రేమ ఎక్కడివరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఆ రోజు మాకు అర్థమైంది. అది ఆగిన చోట చట్టం మొదలుకావాలి.

చట్టం లేక కాదు. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను మన దేశం 2007లోనే ఆమోదించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 42వ సెక్షన్, రోజువారీ వాడకానికి ఉద్దేశించిన ఎలక్ట్రానిక్ వస్తువులు అందరూ వాడగల రూపకల్పనతో దొరికేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలంటుంది. 43వ సెక్షన్ అలాంటి వినియోగ వస్తువుల తయారీని, పంపిణీని ప్రోత్సహించాలంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులుంటే, వారిలో 50 లక్షల మందికి పైగా చూపు సమస్య ఉన్నవారు. ఇంతమందికి ఇచ్చిన మాట షోరూములో కనబడుతోందా? ఫ్రిజ్ మీద కరెంటు పొదుపు నక్షత్రాలు తప్పనిసరి. ప్రెషర్ కుక్కర్‌కు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. చేతికి తగిలే ఒక్క గుర్తు మాత్రం కంపెనీ దయ.

2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీం కోర్టు ఇదే జబ్బును పట్టుకుంది. అందుబాటు ప్రమాణాలను పాటించవలసిన నియమాలుగా కాక కేవలం సూచనలుగా వదిలేసిన 15వ నిబంధన చట్టానికి విరుద్ధమని చెప్పి, తప్పనిసరి నియమాలు చేయడానికి కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. ఆ తీర్పులోని తర్కం భవనాలకు, రోడ్లకు ఎంత వర్తిస్తుందో వంటింటికీ అంతే వర్తించాలి. ఐరోపాలో 2025 జూన్ 28 నుంచి అమలవుతున్న అందుబాటు చట్టం ఫోన్లు, కంప్యూటర్లు, ఏటీఎంల వంటివాటికి వర్తిస్తుంది. వాషింగ్ మెషీన్, స్టవ్ ఆ జాబితాలో లేవు. అంటే మనం ఎవరి వెనకాలో నడవనక్కర్లేదు, ముందే నడవవచ్చు. ఆదేశిస్తే మార్పు వస్తుందనడానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది: 2014 జూలై 1 నుంచి పెట్టే కొత్త ఏటీఎంలన్నీ మాట్లాడేవిగా, బ్రెయిలీ మీటలతో ఉండాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. డబ్బు తీసే యంత్రానికి సాధ్యమైనది అన్నం వండే యంత్రానికి ఎందుకు కాదు?

క్రైస్తవులుగా మనకు ఒక వారసత్వం ఉంది. 1887లో అమృతసర్‌లో ఆనీ షార్ప్ అనే మిషనరీ అంధుల కోసం బడి మొదలుపెట్టింది. అంధులకు చదువెందుకని లోకం అనుకున్న కాలంలో వారి వేళ్లకు అక్షరాలు అందించిన చరిత్ర అది. ఆ చరిత్రను వేదికల మీద చెప్పుకుంటాం. కానీ ఇప్పుడు మన మందిరాల్లో పాటలు తెర మీద వేసి, పాటల పుస్తకం కంఠతా వచ్చిన అంధ సహోదరుడికి కొత్త పాట ముందుగా వినిపించడం కూడా మరిచిపోతున్నాం. క్రిస్మస్‌కు అంధుల ఆశ్రమంలో దుప్పట్లు పంచి ఫోటో దిగడం సులువు. ఆ దుప్పటిని వారే ఉతుక్కోగల మెషీన్ కావాలని అడగడం కష్టం. మొదటిది దానం, రెండవది న్యాయం. మన సంఘం పేరులో ఉన్నది రెండవ మాట.

కాబట్టి ఈ మూడు పనులు చేద్దాం. ఒకటి, ప్రతి యౌవన కూటమి తన సంఘంలో చూపు సమస్య ఉన్న ఇళ్లకు వెళ్లి, అడిగి, ఈ క్రిస్మస్‌లోగా చుక్కలు పెట్టి రావాలి. పెట్టి వదిలేయకుండా నెల తర్వాత మళ్లీ వెళ్లి చూడాలి. రెండు, మన ఇంట్లో అందరికీ చూపున్నా సరే, వస్తువు కొనేటప్పుడు "చూపు లేనివారు దీన్ని వాడగలరా?" అని షోరూములో అడగాలి. పదిమంది అడిగిన ప్రశ్న కంపెనీ దాకా వెళ్తుంది. మనకూ రేపు వయసు వస్తుంది. మూడు, వాడలేకపోయిన ప్రతి వస్తువు గురించి, ఏ మీట ఎందుకు దొరకలేదో వివరంగా రాసి, మన మన రాష్ట్రాల వికలాంగుల కమిషనర్లకు, ఢిల్లీలోని ప్రధాన కమిషనర్‌కు పంపాలి. ఆ ఉత్తరంలో 42, 43 సెక్షన్లను పేర్కొనాలి. ఉత్తరం కింద మొదటి సంతకమో వేలిముద్రో చూపు లేని ఆ వ్యక్తిదే కావాలి, మనది తర్వాత.

పిట్టగోడ లేని మిద్దె మీద నుంచి ఒకరు పడ్డాక పరామర్శకు వెళ్లడం మనకు బాగా వచ్చు. ప్రభువు అడిగింది పడకముందే కట్టమని. పెద్దమ్మ వంటింట్లో పాత స్టవ్ మళ్లీ వెలిగింది. వచ్చే ఈస్టర్ పులిహోర తనదేనని ఆమె పాస్టరు గారికి కబురు పంపింది. ఆ కొత్త స్టవ్ మాత్రం ఇంకా మూలన నున్నగా మెరుస్తూ కూర్చుని ఉంది. దాన్ని తయారుచేసినవారికి ఉత్తరం రాయవలసింది మనమే.